అలసిన మనుషుల బాధ్యత ఎవరిది? – ఉత్తరాంధ్ర పోరాట కమిటీలకు బహిరంగ లేఖ

శ్రీకాకుళం, విజయనగరం, పార్వతీపురం మన్యం జిల్లాల ప్రజాసంఘాల, కార్మిక సంఘాల, పోరాట కమిటీల బాధ్యులకు,

నమస్కారం.

బహిరంగ లేఖ అనగానే కలెక్టరు గారికో ముఖ్యమంత్రి గారికో రాయడం మనకు అలవాటు. భూసేకరణ మీద, కాలుష్యం మీద, పోలీసు కేసుల మీద అలాంటి లేఖల్లో సంతకాలు పెట్టినవాళ్లలో నేనూ ఒకడిని. అవసరమైతే రేపు కూడా పెడతాను. ఈ లేఖ మాత్రం ప్రభుత్వానికి కాదు, మీకు. పోరాటంలో అలసిన మనుషుల మనోనిబ్బరాన్ని కమిటీ పనిగా చూసుకోమని అడగడానికే రాస్తున్నాను. అది జీవోలతో వచ్చేది కాదు, అసెంబ్లీలో తేలేది కాదు. అది మీ కార్యవర్గ సమావేశంలో ఒక పూట కూర్చుంటే తేలే విషయం.

ఉద్దానం పల్లెల్లోనూ, తర్వాత టెక్కలి వైపూ హైస్కూలు ఉపాధ్యాయుడిగా పనిచేసి విరమణ పొందినవాడిని. నా దగ్గర చదువుకున్న పిల్లల్లో కొందరు మీ కమిటీల్లో ఉన్నారు, కొందరు కానిస్టేబుళ్లయ్యారు, కొందరు కేసుల్లో ముద్దాయిలయ్యారు. ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్లు లాఠీకి ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు నిలబడటం చూసిన తర్వాత, ఉద్యమం అంటే డిమాండ్ల పత్రమూ సభా వేదికా మాత్రమే అని అనుకోలేకపోతున్నాను.

మన నేలకు పోరాటాలు కొత్త కాదు. 1940 ఏప్రిల్ 1న మందస జమీందారీలో రైతుల మీద జరిగిన కాల్పుల్లో వీర గున్నమ్మ ప్రాణం విడిచింది. 1967 అక్టోబరు 31న మొండెంఖల్ సభకు వెళుతున్న గిరిజనుల మీద లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు దాడి చేసినప్పుడు కోరన్న, మంగన్న హతమయ్యారు. సోంపేట బీల అనే చిత్తడి నేలల్లో థర్మల్ విద్యుత్ కేంద్రం వద్దన్నందుకు 2010 జూలై 14న, సంతబొమ్మాళి మండలం కాకరాపల్లి తంపర (చిత్తడి) భూముల్లో అలాంటిదే మరో కేంద్రం వద్దన్నందుకు 2011 ఫిబ్రవరి 28న పోలీసు కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. సోంపేటలో కాల్పులు జరిగిన రోజే ఆ ప్రాజెక్టుకు ఇచ్చిన పర్యావరణ అనుమతిని జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ రద్దు చేసింది. ఆ ఉత్తర్వు ఒక్క రోజు ముందు వచ్చి ఉంటే ఎలా ఉండేదన్న ప్రశ్న ఆ ప్రాంతపు మనుషుల్ని ఎంతకాలం తొలిచి ఉంటుందో ఆలోచించండి.

ఈ తేదీలన్నీ మీకు కంఠతా వచ్చు. ఏటా సభలు పెడతాం, స్తూపాలకు రంగులు వేస్తాం, దండలు వేస్తాం. అమరులను తలుచుకోవడంలో మన కమిటీలను వంక పెట్టడానికి లేదు. బతికి మిగిలినవాళ్ల సంగతే నా బాధ. గున్నమ్మ విగ్రహానికి దండ వేసే మనలో, ఆ రోజు కాల్పుల చప్పుడు విన్న ఆ ఊరి ఆడవాళ్లు ఆ తర్వాత ఎన్నాళ్లకు కంటినిండా నిద్రపోయారని అడిగినవారు ఎందరు? కేసులెన్ని, అరెస్టులెన్ని, దీక్ష ఎన్నో రోజు, సభకు జనం ఎంతమంది అన్నవాటికి మీ దగ్గర రిజిస్టర్లున్నాయి. దీక్షా శిబిరానికి రావడం మానేసినవాడు ఎందుకు మానేశాడు, నాలుగు నెలలుగా ఎవరితోనూ మాట్లాడని కుర్రాడు ఏమవుతున్నాడు అన్నదానికి ఏ రిజిస్టరూ లేదు. వాళ్లు మెత్తనివాళ్లనీ, మనోబలం చాలనివాళ్లనీ ఒక మాట అనేసి ముందుకు పోతున్నాం. మనోనిబ్బరం అన్నది ఒక్కొక్కరి గుండె ధైర్యానికి వదిలేయవలసిన సొంత వ్యవహారం కాదని, కరపత్రాలు అచ్చు వేయించడం, లారీ మాట్లాడటం, ప్లీడరును పెట్టుకోవడం ఎలా కమిటీ పనో ఇదీ అలాగే కమిటీ పనేనని చెప్పడానికే ఈ లేఖ రాస్తున్నాను.

మొదట కోర్టు వాయిదాల సంగతి. కాల్పులు ఒక్క పూట జరుగుతాయి. కేసు ఏళ్ల తరబడి నడుస్తుంది. లాఠీ దెబ్బకు తగ్గని మనిషిని వాయిదాలు తగ్గించేయగలవు. మీలో చాలామంది కోర్టులోపల ప్లీడరుగారి పక్కన నిలబడతారు కాబట్టి వరండాలో ఏం జరుగుతుందో కొంచెం వివరంగా రాస్తాను. వాయిదా ఉన్న రోజు మనిషి తెల్లవారకముందే లేచి, చద్దన్నం తిని, మొదటి బస్సో ఆటోనో పట్టుకొని పది గంటలకల్లా అక్కడికి చేరతాడు. వరండాలో ఉన్న రెండు బెంచీలూ గుమాస్తాల ఫైళ్లకే చాలవు కాబట్టి ముద్దాయిలు మెట్ల మీద కూర్చుంటారు. పేరు పిలిచేటప్పటికి లోపల లేకపోతే వారంటు వస్తుందన్న భయంతో టీ తాగడానికి కూడా గేటు దాటరు. మధ్యాహ్నం దాటాక బంట్రోతు వరసగా పేర్లు పిలుస్తాడు. పదిమంది లోపలికి వెళ్లి చేతులు కట్టుకొని నిలబడతారు. సాక్షి రాలేదనో, మరొక కారణమనో ఇంకో తేదీ పడుతుంది. ఆ తేదీని బీడీ కట్ట అట్ట వెనకో, అరచేతి మీదో రాసుకొని బయటికి వస్తారు. ఆ రోజు కూలి పోయింది, బస్సు ఛార్జీ పోయింది. ఇంటికెళ్లాక భార్య అడిగే "ఏటయింది?" అన్న ప్రశ్నకు చెప్పడానికి ఏమీ లేదు. ఇలా ఏళ్లు గడిచిన మనిషి పిరికివాడై ఉద్యమానికి దూరం కాడు. తన జీవితంలో తన చేతిలో ఉన్నది ఏదీ లేదన్న భావన నరనరానా ఇంకిపోయి దూరమవుతాడు.

దీనికి తోడు ఉపాధి. ఉద్దానం కుర్రాళ్లకు వలసే బతుకు. ఓడల మీదో, గల్ఫులోనో, కాదంటే ఏ ఓడరేవు పనిలోనో చేరాలి. క్రిమినల్ కేసు కోర్టులో నడుస్తున్నంతకాలం పాస్‌పోర్టు నిరాకరించే అధికారం 1967 నాటి పాస్‌పోర్టు చట్టం ఇచ్చింది. విదేశానికి వెళ్లడానికి కోర్టు అనుమతి తెచ్చుకునే దారి ఉన్నదన్న సంగతి చాలామంది పిల్లలకు తెలియదు. తెలియక, ఏజెంటుకు కట్టిన సొమ్ము పోగొట్టుకొని, తండ్రితో మాట పడి, ఊరి చివర రచ్చబండ మీద ఫోను పట్టుకొని కూర్చుండిపోతారు. ఆ కుర్రాడికి ధైర్యం గురించి ఉపన్యాసం ఇచ్చి లాభం లేదు. ఆ దరఖాస్తు రాసి పెట్టే మనిషి కావాలి.

కాబట్టి ఇక్కడ నేను అడిగేది చాలా మామూలు సంగతి. ప్రతి కమిటీలో వాయిదాల బాధ్యత ఒకరికి అప్పగించండి. కేసు నంబరు, ఏ కోర్టు, తర్వాతి తేదీ, ప్లీడరు పేరు ఉన్న ఒక కాగితం ప్రతి ముద్దాయి ఇంట్లో ఉండాలి. అది అతని భార్యకో తల్లికో చదివి వినిపించాలి. కోర్టుల ఆన్‌లైన్ సేవ అయిన ఈ-కోర్ట్స్‌లో సీఎన్ఆర్ నంబరు, అంటే ప్రతి కేసుకూ ఇచ్చే గుర్తింపు సంఖ్య, కొడితే తర్వాతి తేదీ ఫోనులోనే కనిపిస్తుంది. పదో తరగతి చదివిన పిల్ల ఎవరైనా చూసి చెప్పగలదు. జ్వరంతో ఉన్నవాడు వణుకుతూ బస్సెక్కనక్కర లేకుండా, హాజరు నుంచి మినహాయింపు కోరే పిటిషన్ ప్లీడరుగారి చేత వేయించవచ్చు. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం ప్రకారం మహిళలకు, షెడ్యూల్డ్ కులాల, తెగల వారికి, నిర్బంధంలో ఉన్నవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది. 15100 నంబరుకు ఫోను చేయవచ్చు. వాయిదాకు ముద్దాయి ఒంటరిగా వెళ్లకుండా కేసు లేని మనిషి ఒకరు వంతులవారీగా తోడు వెళ్లాలి. ఆ తోడు మనిషి చేసేదల్లా టీ తెచ్చివ్వడం, పేరు పిలిస్తే కేకేయడం, తిరుగు బస్సులో పక్కన కూర్చోవడం. ఇది చిన్న పని అనుకోకండి. నేను చూసినంతలో పది సభల్లో చేసిన ప్రసంగాల కంటే ఇది ఎక్కువమందిని నిలబెట్టింది.

అలాగే రాత్రిపూట తలుపు చప్పుడుకు ఉలిక్కిపడే ఇళ్లలో చట్టం తెలియడం కూడా ఒక ధైర్యం. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత ప్రకారం, సూర్యాస్తమయం నుంచి సూర్యోదయం లోపు మహిళను అరెస్టు చేయాలంటే అసాధారణ పరిస్థితి ఉండాలి, మహిళా పోలీసు అధికారి ఉండాలి, మెజిస్ట్రేటు ముందస్తు అనుమతి ఉండాలి. సాక్షిగా విచారించడానికి మహిళలను, అరవై ఏళ్లు దాటిన పురుషులను వాళ్లుండే చోటు వదిలి స్టేషనుకు రమ్మని బలవంతపెట్టరాదు. అరెస్టు సంగతి ఇంటివాళ్లకు తెలియజేయాలని డీకే బసు కేసులో సుప్రీంకోర్టు 1996లోనే చెప్పింది. చట్టంలో ఉన్నంతమాత్రాన అంతా అలాగే జరుగుతుందని నేను నమ్మబలకడం లేదు. కానీ ఏది హక్కో తెలిసినవాడు భయపడే తీరు వేరు, తెలియనివాడు భయపడే తీరు వేరు.

రెండోది మీలో కొందరికి కష్టం కలిగించవచ్చు. అయినా చెప్పక తప్పదు. ఏదైనా ఘోరం జరిగిన ఊరికి నిజనిర్ధారణ బృందాలు వస్తాయి. హక్కుల సంఘం వస్తుంది, మహిళా సంఘం వస్తుంది, పార్టీలు విడివిడిగా వస్తాయి, టీవీ వాళ్లు వస్తారు, విశ్వవిద్యాలయం నుంచి పరిశోధక విద్యార్థులు వస్తారు. ప్రతి బృందాన్నీ మనమే వెంటబెట్టుకొని అదే ఇంటికి తీసుకెళతాం. అదే ఆడమనిషిని అదే నులకమంచం మీద కూర్చోబెట్టి, మొదటి నుంచీ చెప్పమంటాం. మా వైపు ఒక ఊళ్లో కొడుకు కాలు విరగ్గొట్టించుకున్న తల్లి అలాంటి సందర్భంలో చెప్పడం మధ్యలో ఆపి, మాతో వచ్చినాయన ముఖం కేసి చూసి, "ఇంకెన్నిసార్లు సెప్పమంటారు బాబూ? సెప్పినకాడికల్లా ఆడు మళ్లీ పడిపోతన్నట్టు ఉంటాది నాకు" అంది. ఆయన పెన్ను ఆగలేదు. "మరి పోలీసులు ఏ దిక్కు నుంచి వచ్చారమ్మా?" అని తర్వాతి ప్రశ్న అడిగారు. ఆయన చెడ్డవాడు కాడు. ఆ నివేదిక కూడా అవసరమైనదే. కానీ ఆ తల్లి చెప్పింది కవిత్వం కాదు, వైద్యులు ఒప్పుకున్న విషయం. భయంకర సంఘటన నుంచి అప్పుడే బయటపడిన మనిషి చేత జరిగినదంతా బలవంతంగా చెప్పించడం మేలు చేయదని, కొన్నిసార్లు కీడు కూడా చేస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టంగా చెబుతోంది. అటువంటి వారికి మొదటి సాయం ఎలా చేయాలో ఆ సంస్థ 2011లో ఒక మార్గదర్శకం కూడా విడుదల చేసింది. అందులోని సారం మూడు మాటలు: ఎవరికి ఏ అవసరం ఉందో చూడు, చెప్పదలచుకుంటే విను, కావలసిన సాయం దొరికే చోటికి చేర్చు. చెప్పమని ఒత్తిడి చేయకు.

దీనికి మార్గం ఉంది. వాంగ్మూలం ఒక్కసారి, సరైన పద్ధతిలో, ప్లీడరు సమక్షంలో, ఆమె ఒప్పుకున్న రోజున, ఆమెకు నమ్మకమైన ఆడమనిషి పక్కన ఉండగా నమోదు చేయండి. తర్వాత వచ్చే బృందాలకు ఆ ప్రతి ఇవ్వండి. ఇంకా కలవాలంటే ఆమెను ముందుగా అడగండి, వద్దంటే వద్దు. వార్షిక సభలో వేదిక ఎక్కించి మైకు చేతికిచ్చే ముందు కూడా ఇదే నియమం పాటించండి. ఆమె ఏడిస్తే సభ కదులుతుందన్న మాట నిజమే. ఆ కదలిక ఖరీదు ఆ రాత్రి ఆమె ఇంట్లో చెల్లిస్తుంది.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చిన తర్వాత ఉద్దానంలో మనం చూసింది గుర్తుచేసుకోండి. కొబ్బరి, జీడి, పనస చెట్లు ఒక్క రాత్రిలో నేలకొరిగితే, మగవాళ్లు తోటల్లో కూర్చొని బహిరంగంగా ఏడ్చారు. ఎవరూ వాళ్లను పిరికివాళ్లు అనలేదు. పక్క ఊరివాళ్లు బియ్యం తెచ్చిపెట్టారు, భుజం తట్టారు. లాఠీచార్జి తర్వాత మాత్రం అదే మనిషి ఏడవకూడదని మనమే ఒక కట్టుబాటు పెట్టాం. తుపాను దెబ్బకు ఏడవడం సహజమైతే, ప్రభుత్వం దెబ్బకు ఏడవడం లొంగుబాటు ఎలా అయింది?

మూడో విషయం అమ్ముడుపోయాడన్న మాట. ఈ మాట మన ఉద్యమాల్లో ఎంత తేలిగ్గా దొర్లుతుందో మీకు నేను చెప్పనక్కర లేదు. ఒక మనిషి రెండు వారాలు శిబిరానికి రాకపోతే కంపెనీ మనుషులతో కనబడ్డాడంటారు. కూతురి పెళ్లి చేస్తే సొమ్ము ఎక్కడిదంటారు. నిజంగా అమ్ముడుపోయినవాళ్లు ఉండరని నేను అనడం లేదు. ప్రాజెక్టు వచ్చే ప్రతి ఊళ్లోనూ మనుషుల్ని విడగొట్టడానికి డబ్బూ, కాంట్రాక్టులూ, ఉద్యోగాల ఆశలూ దిగుతాయి. అది ఎదుటివాళ్ల పద్ధతి. కానీ అలసినవాడికీ అమ్ముడుపోయినవాడికీ తేడా తెలుసుకోకుండా ఇద్దరికీ ఒకే ముద్ర వేయడం వల్ల ఆ పని మనం వాళ్లకు ఉచితంగా చేసిపెడుతున్నాం. అనుకూలం, వ్యతిరేకం అని రెండుగా చీలిన ఊళ్లలో పెళ్లి పిలుపులు ఆగిపోయాయి, అన్నదమ్ములు మాట్లాడుకోవడం మానేశారు, ఆఖరికి చావు ఇంటికి కూడా ఒక వర్గం వెళితే మరో వర్గం వెళ్లదు. ప్రాజెక్టు రద్దయినా ఆ మాటలు రద్దు కావు. గెలిచిన చోట కూడా మనుషులు ఒంటరివాళ్లయిపోవడానికి ఇది పెద్ద కారణమని నా అభిప్రాయం.

సెలవు అన్నది ఉద్యోగికి హక్కు అయినప్పుడు ఉద్యమకారుడికి ఎందుకు కాదు? "ఈ రెండు నెలలు నేను రాలేను, పంట పని ఉంది, ఇంట్లో బాగులేదు, నా మనసు బాగులేదు" అని చెప్పి తప్పుకొనే వీలు, మళ్లీ తిరిగొచ్చినప్పుడు సంజాయిషీ అడగకుండా చేర్చుకొనే మర్యాద కమిటీ నియమావళిలో రాతపూర్వకంగా ఉండాలి. రిలే దీక్ష అన్న పద్ధతిలోనే ఈ తెలివి ఉంది. ఒకరు లేస్తే మరొకరు కూర్చుంటారు కాబట్టే సోంపేటలో దీక్ష ఏళ్ల తరబడి సాగింది. దీక్షలో పాటించిన ఆ వంతుల పద్ధతిని కమిటీ పనులన్నింటికీ, ముఖ్యంగా అధ్యక్ష కార్యదర్శుల పదవులకు కూడా వర్తింపజేయండి.

ఆడవాళ్ల సంగతి దీనికి అనుబంధమే అయినా విడిగా చెప్పాలి. శిబిరంలో ముందు వరసలో కూర్చోబెట్టేది వాళ్లనే. ఇంటికెళ్లి పొయ్యి వెలిగించేదీ వాళ్లే. 2023 డిసెంబరు 12న మొదలై 42 రోజులు సాగిన అంగన్‌వాడీల సమ్మె మీకు గుర్తుండే ఉంటుంది. అత్యవసర సేవల్లో సమ్మెను నిషేధించే ఎస్మా చట్టం ప్రయోగించినా, ఉద్యోగాలు తీసేస్తామన్నా వాళ్లు కదలలేదు. సంక్రాంతి పండుగ కూడా సమ్మెలోనే గడిచింది. బయటివాళ్లకు అందులో పట్టుదల కనబడింది. దగ్గర నుంచి చూసిన నాకు మరొకటి కూడా కనబడింది. ఒకరి పిల్లలకు జ్వరమొస్తే మరొకరు ఆ పూట వాళ్లింటికి వెళ్లి వంట చేసిపెట్టి వచ్చేవారు; మామగారు మాటలంటున్నారని ఒకామె కళ్లు తుడుచుకుంటే నలుగురు వెళ్లి ఆయనతో మాట్లాడి వచ్చేవారు. "నువ్వు పద అప్పా, నీ సంతకం నేను సూసుకుంతాను" అని ఒక చిన్నపిల్ల పెద్దామెను బలవంతంగా ఇంటికి పంపడం నేను విన్నాను. ఈ ఏర్పాటును ఎవరూ తీర్మానం చేసి పెట్టలేదు. మీ కమిటీల్లో మగవాళ్లు ఎక్కువ కాబట్టి మీరు మాత్రం తీర్మానం చేసే పెట్టుకోవలసి ఉంటుంది.

వాట్సాప్ గ్రూపుల గురించి ఎక్కువ రాయను. రక్తం కారుతున్న వీడియోలు, పుకార్లు, బూతులు, అర్ధరాత్రి రెండింటికి వచ్చే "అందరూ సిద్ధంగా ఉండండి" అన్న హెచ్చరికలు మనుషుల నిద్రను తినేస్తున్నాయి. ఆధారం కావలసిన వీడియో ప్లీడరుగారికి పంపండి. గ్రూపులో అక్కర లేదు. రాత్రి తొమ్మిది దాటాక నిజమైన ఆపద ఉంటే ఫోను చేయండి, గ్రూపులో రాయకండి.

ఇప్పుడు వైద్యం సంగతి. లాఠీచార్జి, అరెస్టు, కాల్పులు చూసిన తర్వాత కొన్నాళ్లపాటు నిద్ర పట్టకపోవడం, ఒంట్లో వణుకు, అదే దృశ్యం కళ్ల ముందు తిరగడం, చిన్న చప్పుడుకు ఉలిక్కిపడటం సహజం. చాలామందిలో కొన్ని వారాల్లో, మనుషుల మధ్య ఉంటే, పని దొరికితే, నిద్ర దొరికితే అవి తగ్గుతాయి. నెల దాటినా తగ్గకపోతే, తాగుడు అలవాటు పెరిగితే, పనికి పోలేకపోతే, చనిపోవాలన్న మాట నోట వస్తే అది ఓర్చుకోవలసింది కాదు, డాక్టరుకు చూపించవలసింది. చనిపోవాలన్న మాట వచ్చిన రోజున నెల గడిచేదాకా ఆగకూడదు. మనిషిని ఒంటరిగా వదలకూడదు. 2022 అక్టోబరులో కేంద్రం ప్రారంభించిన టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య ఫోను సేవకు 14416 నంబరులో రాత్రీ పగలూ ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు. విశాఖపట్నంలో ప్రభుత్వ మానసిక చికిత్సాలయం ఉంది. దాన్ని పిచ్చాసుపత్రి అని పిలవడం మనం మానితే తప్ప మనవాళ్లు ఆ మెట్లెక్కరు.

దీనికి మీలో ఇద్దరు ముగ్గురు పెద్దలు నాతో నోటిమాటగా చెప్పిన అభ్యంతరాలు ఉన్నాయి. ఉద్యమకారులకు మానసిక సమస్యలు ఉన్నాయని మనమే చెప్పుకుంటే, రేపు అధికారులు, కంపెనీవాళ్లు దాన్నే మన మీద వాడతారు, మన సాక్ష్యం చెల్లదంటారు అన్నది మొదటిది. ఈ భయం కొట్టిపారేయదగింది కాదు. అందుకే, 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగి వివరాలను గోప్యంగా ఉంచే హక్కు ఇచ్చిందని ప్రతి కార్యకర్తకూ తెలియాలి. కమిటీ కూడా ఎవరు ఎక్కడ చూపించుకున్నారన్నది ఏ మినిట్స్ పుస్తకంలోనూ రాయకూడదు.

రెండో అభ్యంతరం ఇంకా లోతైనది. భూమి పోతున్నవాడి కోపం రోగం కాదు, దాన్ని రోగం చేసి మాత్రలు మింగించడం పాలకులకు సాయం చేయడమే అన్నారు ఒకాయన. ఆయన చెప్పినదానితో చాలావరకు నేను ఏకీభవిస్తాను. జీడితోట పోయే రైతుకు దిగులు రావడం అతని మెదడులో లోపం కాదు. తోట నిలిస్తే ఆ దిగులు చాలావరకు పోతుంది. పునరావాసం బదులు కౌన్సెలింగ్ ఇస్తామని ఏ అధికారైనా వస్తే నేను మీ వెనకే నిలబడి వద్దంటాను. కానీ న్యాయమైన కోపం ఉన్న మనిషికి కూడా నిద్ర కావాలి, తిండి కావాలి, చెప్పుకోవడానికి మనిషి కావాలి. ఉద్దానంలో మూత్రపిండాల వ్యాధికి కారణం తేల్చమని ప్రభుత్వాన్ని నిలదీస్తూనే, ఈలోగా రోగిని డయాలసిస్‌కు తీసుకెళుతున్నాం. కారణం తేలేదాకా చికిత్స వద్దని ఎవరూ అనలేదు.

నాయకులైన మీ గురించి కూడా ఒక మాట. రక్తపోటు మాత్ర వేసుకోవడం మరచి రోజంతా ఊళ్లు తిరగడం, సభ అయ్యాక అర్ధరాత్రి భోజనం, ఇంట్లో పిల్లల పరీక్షలు ఎప్పుడో తెలియకపోవడం, చిన్న కార్యకర్త మీద అందరి ముందూ విరుచుకుపడటం, ఇవన్నీ త్యాగం ఖాతాలో వేసేస్తున్నారు. మీరు నిద్రపోకపోతే మీ నిర్ణయాలూ తూలుతాయి. ఆ నిర్ణయాల వల్ల లాఠీ ముందు నిలబడేది పందొమ్మిదేళ్ల కుర్రాళ్లు. మీరు వారానికి ఒక రోజు ఫోను ఆపి ఇంట్లో కూర్చుంటే ఎవరూ మిమ్మల్ని తప్పుపట్టరు, పట్టినా ఫరవాలేదు.

జిల్లా అధికారులు ఈ లేఖ చదివితే వాళ్లకు ఒక్క వాక్యం: ఎప్పుడో ముగిసిపోయిన ఉద్యమాలకు సంబంధించి ఇంకా నడుస్తున్న కేసులను కోర్టు అనుమతితో ఉపసంహరించుకొనే వీలు చట్టంలో ఉంది. ఆ జాబితాలు తెప్పించుకొని ప్రభుత్వానికి సిఫారసు చేయడం మీ స్థాయిలో మొదలయ్యే పని.

కొవ్వాడలో, మూలపేటలో, సరుబుజ్జిలి వైపు, భోగాపురం చుట్టుపక్కల భూమి గురించిన ఆందోళన ఏదో ఒక రూపంలో వినబడుతూనే ఉంది. కొన్నిచోట్ల నిర్మాణాలు మొదలయ్యాయి, కొన్నిచోట్ల మాటల దశలోనే ఉంది. వీటిలో ఏది ఎటు తేలుతుందో గానీ, ఏదీ ఒక్క ఏడాదిలో తేలేది కాదు. కాబట్టి వచ్చే కార్యవర్గ సమావేశం ఎజెండాలో ఈ అంశాన్ని ఆఖరున "ఇతర విషయాలు" కింద కాకుండా మొదటి అంశంగా పెట్టమని కోరుతున్నాను. వాయిదాల బాధ్యుడు ఎవరు, వాంగ్మూలాల నియమం ఏమిటి, సెలవు ఎలా, కొత్త అరెస్టు జరిగితే మొదటి రాత్రి ఆ ఇంట్లో తోడు ఎవరు పడుకుంటారు అన్న నాలుగు ప్రశ్నలకు పేర్లతో సహా జవాబులు రాసుకోండి. వాయిదాలకు తోడు వెళ్లేవాళ్ల జాబితాలో నా పేరు రాసుకోవచ్చు. టెక్కలి, సోంపేట వైపు ఏ రోజైనా వస్తాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
టెక్కలి, శ్రీకాకుళం జిల్లా